రంపం పెట్టే ముందు ఒక కొమ్మ తీసి పెట్టండి

జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే బెంగళూరులో ఎవరి ఫోన్ చూసినా పింక్ టబెబూయా ఫొటోలే, మన తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అయితే ఇంక చెప్పక్కర్లేదు. ఒక జాతి పూత అయిపోగానే ఇంకోటి అందుకునేలా, ఏడాది పొడుగునా ఏదో ఒక వీధి పూస్తూనే ఉండేలా చెట్లు వేయించాలన్నది 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన జర్మన్ తోటల నిపుణుడు క్రుంబీగల్ ఆలోచన. ఫొటోలు బాగానే తీస్తున్నాం, మరి ఈ పూల చెట్ల వంశం ఎవరు చూస్తున్నారు?

వరికీ రాగికీ జన్యు బ్యాంకు ఉంది. ఢిల్లీలో ఎన్‌బీపీజీఆర్ అనే జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ వాళ్లు విత్తనాలు ఎండబెట్టి మైనస్ 18 డిగ్రీల చలిలో దాచిపెడతారు. తోట మొక్కల్లో చాలావాటికి ఆ పద్ధతి పనికిరాదు. కె.ఆర్. మార్కెట్‌లో మనవాళ్లు మూర లెక్కన కొనే కనకాంబరాలే చూడండి, వాటిలో ఢిల్లీ కనకాంబరం అనే రకానికి మామూలు రెండు బదులు మూడు సెట్ల క్రోమోజోములు ఉంటాయి, అందుకే విత్తనం కట్టదు, కొమ్మ నాటుకోవాల్సిందే. అంటే ఊళ్లో ఉన్న మొక్కలన్నీ ఒక్క మొక్క ముక్కలే అన్నమాట, దాన్ని పడగొట్టే ఎండు తెగులు వస్తే పక్క మళ్లకీ అదే గతి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్లు అర్క అంబర లాంటి కొత్త రకాలు తెచ్చారు, సంతోషమే, కానీ కొత్తది తేవాలన్నా చేతిలో పాతవి ఉండాలిగా.

కాగితం పూలదీ ఇదే కథ. ఒకే చెట్టుకి తెల్లవీ గులాబీవీ పూసే మేరీ పామర్, కోల్‌కతాలో పాత రకం కొమ్మ ఒకటి రంగు మారితే పుట్టింది. గింజ వేస్తే అది మళ్లీ రాదు. ప్రపంచంలో ఎక్కడ కొత్త కాగితం పూల రకం వచ్చినా పేరు రిజిస్టర్ చేసేది మన ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ, గొప్పే, అయితే రిజిస్టర్‌లో పేరుంటే చాలదు కదా, నేలలో మొక్క కూడా ఉండాలి.

నర్సరీల్ని తిట్టి లాభం లేదు. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలైనా ఇక్కడివైనా, అమ్ముడుపోయేవే పెంచుతారు. అడిగేవాళ్లు లేని పాత మందారం ఎవరు పెంచుతారు చెప్పండి?

అందుకే మేము అడిగేది చిన్నదే. 1976 నాటి కర్ణాటక చెట్ల చట్టం చెట్టు కొడితే బదులు మొక్క నాటమంటుంది. ఆ పర్మిషన్ కాగితంలోనే ఇంకో షరతు చేర్చండి, పాత పూల చెట్టయితే కొట్టే ముందు కొమ్మలో అంటో తీసుకుని, లాల్‌బాగ్‌లో ఒకటి, హెసరఘట్ట లాంటి వేరే చోట ఒకటి, కనీసం రెండు చోట్ల పెట్టాలని. ఒకే చోట పెడితే ఒక్క గాలివానకే అయిపోతుంది. లాల్‌బాగ్ ఫ్లవర్ షోలో గులాబీలతో బొమ్మలు కట్టినంత శ్రద్ధ ఈ తల్లి మొక్కల మీద కూడా పెడితే బావుంటుంది (మేమూ వెళ్లి ఆ బొమ్మల దగ్గర సెల్ఫీలు దిగినవాళ్లమే లెండి).

మల్లేశ్వరంలోనో బసవనగుడిలోనో పాత ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నవాళ్లు కూడా, తాళాలు ఇచ్చేముందు పెరట్లో అమ్మమ్మ వేసిన మందారం నుంచి పెన్సిల్ లావు కొమ్మలు నాలుగు కోసి, ఎక్కడిదో ఎప్పటిదో చీటీ కట్టి, తడి గుడ్డలో చుట్టుకుని తెచ్చుకోండి.