ముస్తాబయ్యేసరికి ముహూర్తం దాటింది

లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ తీగ తగిలించి, హాల్లో ఉన్న 55 అంగుళాల టీవీ మీద గేమ్ ఆడబోయిన ప్రతివాడికీ మొదట అందే ఉచిత సలహా ఒక్కటే: "మౌస్ మార్చు బ్రో." చెయ్యి కుడికి వెళ్లింది. తెర మీది బాణం కాసేపు ఆలోచించుకుని, పిలిచింది తననేనా అని అటూ ఇటూ చూసి, అప్పుడు బయల్దేరింది. దోషి ఎవరు? మౌస్. సాక్ష్యం? చేతిలో ఉన్నది అదే కదా!

ఆ తీర్పు ప్రకారం పాత మౌస్ సొరుగులోకి పోతుంది, పొట్ట కింద ఏడు రంగుల దీపాలు వెలిగే కొత్తది వస్తుంది. ఆలస్యం మాత్రం ఎక్కడికీ పోదు, ఇప్పుడు దీపాలతో సహా ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నారని వెక్కిరిస్తాం గానీ, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. కాకపోతే ఆ మద్దెల మౌస్ కాదు, టీవీ.

విచారణ లేకుండా ఉరి తీయకూడదు కాబట్టి ఒక నిమిషం పరీక్ష. టీవీ తీగ పీకేసి, అదే మౌస్‌ని లాప్‌టాప్ సొంత తెర మీద తిప్పండి. అక్కడ చెప్పినట్టు వింటే అది నిర్దోషి, గౌరవంగా విడుదల చేయండి. మళ్లీ టీవీ తగిలించి, గేమ్ తెరవకుండా డెస్క్‌టాప్ మీదే గుండ్రంగా తిప్పండి. బాణం చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తే రోగం టీవీలోనో, దాని దాకా వెళ్లే దారిలోనో ఉంది. డెస్క్‌టాప్ మీద బాగానే ఉండి గేమ్‌లోనే ఈడిస్తే, అది గేమ్ సెట్టింగుల పాపం. దాని సంగతి చివర్లో.

ఇంతకీ టీవీ లోపల ఏం జరుగుతోందయ్యా అంటే, పెళ్లి జరుగుతోంది. కంప్యూటర్ సెకనుకు 60 బొమ్మలు పంపుతుంది. అంటే 16.7 మిల్లీసెకన్లకు ఒక పెళ్లికూతురు. ప్రతి పిల్లా జడ వేసుకుని, చీర కట్టుకుని, తయారయ్యే వస్తుంది. తీసుకెళ్లి పీటల మీద కూర్చోబెట్టడమే మిగిలిన పని. కానీ టీవీవారికి ఒక మేకప్ గది ఉంది. అందులో నాయిస్ రిడక్షన్ వదిన లేని మచ్చలు తుడుస్తుంది. షార్ప్‌నెస్ పిన్ని పెట్టిన కాటుక మీదే మళ్లీ కాటుక దిద్దుతుంది. డైనమిక్ కాంట్రాస్ట్ అత్తయ్య "ఇంకాస్త మెరవాలే" అంటూ ఇంకో హారం వేస్తుంది. బయట పురోహితుడు "పెళ్లికూతుర్ని తీసుకురండమ్మా, ముహూర్తం దాటిపోతోంది" అని గొంతు చించుకుంటున్నాడు. ఆ పురోహితుడు మరెవరో కాదు, మౌస్ మీద ఉన్న మీ చూపుడువేలే.

ఇంతవరకూ సర్దుకుపోవచ్చు. అసలు ఘనుడు మోషన్ స్మూతింగ్ బాబాయి. గది గుమ్మంలో ఉన్న పెళ్లికూతురికీ, మండపం మెట్టెక్కిన పెళ్లికూతురికీ నడుమ, దారిలో ఉన్నప్పుడు పిల్ల ఎలా ఉండేదో ఊహించి ఆయనే ఒక బొమ్మ గీస్తాడు. నడక నునుపుగా కనిపించాలట! మధ్య బొమ్మ గీయాలంటే తర్వాతి బొమ్మ ముందే చేతిలో ఉండాలి కదా. అందుకని మొదటి పిల్లను గుమ్మంలోనే ఆపేసి, రెండో పిల్ల వచ్చేదాకా కదలొద్దంటాడు. రెండో పిల్లను మూడో పిల్ల కోసం ఆపుతాడు. మేనమామ గంప పట్టుకుని నిలబడే ఉన్నాడు, గంప ఖాళీగా ఉంది. చివరికి ఇద్దరు నిజం పెళ్లికూతుళ్ల మధ్య, ఏ తల్లీ కనని పిల్ల ఒకతె వచ్చి పీటల మీద కూర్చుంటుంది. జీలకర్ర బెల్లం ఆమె నెత్తిన పెట్టామా, గోడ మీద పెట్టామా తేలేలోపు, ఎదుటి జట్టువాడు మిమ్మల్ని కాల్చేసి, బంతిలో కూర్చుని, పెరుగు వడ్డన దాకా వచ్చేశాడు.

ఈ ముస్తాబంతా కలిపి 100 మిల్లీసెకన్లు దాటించే టీవీలున్నాయి. 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 బొమ్మల లెక్కన, ఆరు బొమ్మలు వెనక. పోనీ సినిమాకైనా మేలు చేస్తుందా అంటే, పాత సినిమాలన్నీ రాత్రి ఎనిమిదిన్నర సీరియల్లా కనిపించేది దీని పుణ్యమే. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్ అంతటివాడు దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీని పక్కన నిలబెట్టుకుని, దయచేసి ఇది ఆపేయండని వీడియో పెట్టాడు. విమానం పట్టుకుని వేలాడిన మనిషి చేత బతిమాలించిన ఫీచర్ ఇది. అయినా చాలా టీవీల్లో పెట్టె విప్పేసరికే ఆన్ అయి ఉంటుంది.

మేకప్ గదికి తాళం ఉంది, దాని పేరు గేమ్ మోడ్. ఎల్జీ కొత్త టీవీల్లో పిక్చర్ మోడ్ కింద 'గేమ్ ఆప్టిమైజర్' అంటారు. సోనీలో పిక్చర్ మోడ్‌లో 'గేమ్'. శాంసంగ్‌లో పిక్చర్ మెనూ అంతా గాలించినా దొరక్కపోవచ్చు, కంగారు పడకండి: పాతవాటిలో జనరల్, అందులో ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్, అందులో గేమ్ మోడ్, కొత్తవాటిలో కనెక్షన్ కింద. తిరుమలలో కంపార్టుమెంట్లు దాటినట్టు ఒక్కొక్కటీ దాటాలి. తాళం పడ్డాక మంచి టీవీల్లో ఆలస్యం 10 నుంచి 20 మిల్లీసెకన్లకు దిగుతుంది. గేమ్ మోడే లేని పాత టీవీ అయితే ఆ ఇన్‌పుట్ పేరుని, ఐకాన్ ఉంటే దాన్నీ 'పీసీ' అని మార్చండి. చాలా టీవీలు ఆ ఒక్క మాటకే సగం నగలు తీసేస్తాయి, అక్షరాల అంచులు కూడా తేటపడతాయి. మిగతావాటిని, ముఖ్యంగా ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఎంఈఎంసీ లాంటి మారుపేర్లతో తిరిగే ఆ బాబాయిని, ఒక్కొక్కటిగా చేత్తో ఆపాలి. గేమ్ కన్సోల్ పెడితే కొన్ని టీవీలు తమంతట తామే మోడ్ మార్చుకుంటాయి. కంప్యూటర్ పెట్టినప్పుడు ఆ మర్యాద ఆశించకండి.

ఇప్పుడు ఆ అట్టపెట్టె చూడండి. 'మోషన్ రేట్ 120' అని బెత్తెడు అక్షరాలు. లోపల ప్యానెల్ 60 హెర్ట్జ్. పక్కనే '1 ఎంఎస్' అని మెరుపు బొమ్మ. ఆ ఒక్క మిల్లీసెకను పిక్సెల్ రంగు మారడానికి పట్టే కాలం. తీగలోంచి వచ్చిన బొమ్మ తెరకు చేరడానికి పట్టే కాలం వేరు, దాని పేరు ఇన్‌పుట్ లాగ్, కొనేవాడికి కావలసింది అదీ. అది మాత్రం ఈ పెట్టెల మీద వెతికినా ఉండదు. ఫ్రిజ్ మీద కరెంటు నక్షత్రాలుంటాయి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ వెనక చక్కెర ఎన్ని గ్రాములో ఉంటుంది. యాభై వేలు పోసి ఇంటికి తెచ్చుకునే వస్తువు మీద ఈ ఒక్క అంకె అచ్చు వేయడానికి సిరా చాల్లేదా? తెలియక కాదు. కొలిచే చేస్తారు, కొలిచే దాస్తారు. దాచి, సంబంధం లేని అంకెను మెరుపుతో ముద్రిస్తారు. వాయిదాల మీద టీవీ కట్టుకుంటున్న కుర్రాడు తన చెయ్యే మొద్దుబారిందనుకుని, ఇంకో రెండు వేలు పెట్టి మౌస్ కొంటాడు. దీన్ని మార్కెటింగ్ అంటారట. మా ఊళ్లో దొంగతనం అంటారు.

సరే, దారి సంగతి. 4కే తెర, పాత లాప్‌టాప్ అయితే ఒకటి ఖాయంగా చూడాలి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. అంటే బొమ్మకు 33 మిల్లీసెకన్లు, పెళ్లికూతురు ఎడ్లబండిలో వస్తోందన్నమాట. విండోస్ సెట్టింగుల్లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి, సెకనుకు ఎన్ని బొమ్మలో చెప్పే రిఫ్రెష్ రేట్ చూడండి. 30 ఉంటే 60 చేయండి. 60 కనిపించకపోతే ముందు టీవీలో ఆ పోర్టు పూర్తి సామర్థ్యం తెరవాలి: శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్జీలో 'డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్'. అయినా రాకపోతే 1080పీకి దిగిపోండి. పిక్సెల్స్ నాలుగో వంతే కాబట్టి గ్రాఫిక్స్ చిప్పు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. ఒకే బొమ్మ రెండు తెరల మీదా చూపే డూప్లికేట్‌లో పెట్టకుండా, విండోస్ మీటతో పి కలిపి నొక్కి 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' ఎంచుకోండి.

బంగారు పూత కేబుల్ కొనమనేవాళ్లకు ఒక లెక్క: 5 మీటర్ల తీగ దాటడానికి సంకేతానికి పట్టేది సుమారు 25 నానోసెకన్లు. తీగ పాడైతే బొమ్మ మినుకుతుంది, పోతుంది, అంతేగానీ నెమ్మదించదు. వైర్‌లెస్‌లో తెర పంపించి గేమ్ ఆడేవారి గురించి ఏమీ అనను, వారి ఓపిక ముందు మనమెంత. ఇక తీగలేని మౌస్ మాట అందుకునే బుల్లి డాంగిల్‌ని తీసుకెళ్లి టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి, గేమ్‌లో తుపాకి తిరగడం లేదనేవారున్నారు. ఆ రంధ్రం టీవీది నాయనా, కంప్యూటర్‌ది కాదు.

డాంగిల్ మీద మాత్రం కొంచెం అనుమానం న్యాయమే. లాప్‌టాప్ టీవీ పక్కన, మనిషి సోఫాలో, మధ్యలో టీపాయ్. యూఎస్‌బీ 3.0 పోర్టు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద పుట్టిస్తుంది, మౌస్ మాట్లాడేదీ అక్కడే. బాణం ఆలస్యంగా కాకుండా ఆగి ఆగి దూకుతుంటే ఇదే కారణం కావచ్చు. యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ తీగతో (5 మీటర్లు మించకుండా) డాంగిల్‌ని సోఫా దగ్గరకు లాగండి. బ్లూటూత్ వదిలేయండి. మౌస్ ప్రాపర్టీస్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' టిక్ తీసేయండి. అది ఆలస్యం కాదు గానీ, చేతికీ తెరకీ ఉన్న లెక్క చెడగొడుతుంది.

ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు మిగిలింది వీ-సింక్. టీవీ గంట కొట్టేదాకా గేమ్ బొమ్మను పట్టుకుని క్యూలో నిలబడటమే దాని పని. క్యూ పెరిగితే రెండు మూడు బొమ్మల ఆలస్యం. గేమ్‌లో ఆపేయండి. తెర అడ్డంగా చిరిగినట్టు కనిపించి భరించలేకపోతే మళ్లీ పెట్టుకుని, సెకనుకు ఇన్ని బొమ్మలే అని హద్దు పెట్టే ఫ్రేమ్ లిమిటర్‌తో 59 దగ్గర కట్టేయండి. సెకనుకోసారి చిన్న తడబాటు ఉంటుంది, క్యూ మాత్రం పేరుకోదు. క్యూ ఇంకా తగ్గాలంటే, గ్రాఫిక్స్ చిప్పు ఎన్విడియాదైతే దాని కంట్రోల్ ప్యానెల్‌లో లో లేటెన్సీ మోడ్ 'అల్ట్రా', ఏఎండీదైతే యాంటీ-లాగ్, గేమ్‌లో రిఫ్లెక్స్ ఉంటే అది ఆన్ చేయండి.

గేమ్ మోడ్ పెట్టగానే రంగులు వెలవెలబోయాయని ఇంట్లో ఒకరు గోల పెట్టి మళ్లీ 'వివిడ్' నొక్కుతారు. చాలా టీవీలు ప్రతి ఇన్‌పుట్‌కీ సెట్టింగులు విడిగా దాచుకుంటాయి కాబట్టి, సెట్‌టాప్ బాక్స్ ఉన్న హెచ్‌డీఎంఐ 1లో సీరియళ్లకు కావలసినంత పసుపూ కుంకుమా పూయనివ్వండి. మీ రాజ్యం హెచ్‌డీఎంఐ 2.

కొత్త టీవీ కొనబోతుంటే లాప్‌టాప్, తీగ చంకన పెట్టుకుని షాపుకెళ్లండి. ఈ ఒక్కసారికి డూప్లికేట్‌లో పెట్టి, మిల్లీసెకన్లు చూపే స్టాప్‌వాచ్ తెరిచి, రెండు తెరలూ పడేలా ఫోన్‌తో పది ఫొటోలు తీయండి. రెండు అంకెల తేడానే లాప్‌టాప్ కన్నా టీవీ ఎంత వెనకబడిందో చెబుతుంది. ముందు షాపువాళ్లు పెట్టిన మోడ్‌లో, తర్వాత గేమ్ మోడ్‌లో. పక్కన నిలబడ్డ అబ్బాయి "సార్, ఒకసారి కలర్లు చూడండి సార్" అంటూనే ఉంటాడు. మీరు తీసివేత పూర్తి చేసుకోండి.