మహారాజశ్రీ ప్యానెల్ స్పీకరు గారి సముఖమునకు

అయ్యా,

ఉభయ కుశలోపరి. తమరు మనిషెత్తు ఉంటారు, తలుపంత వెడల్పు ఉంటారు, మందం మాత్రం రెండంగుళాలు. డబ్బా లేదు, చట్రంలో బిగించిన పల్చని ఫిల్మే ఊగి పాడుతుంది. ఆ రెండంగుళాలు చూసి "గోడకు ఆనించేస్తే సరి" అనుకునే అమాయకులు ఇంకా పుడుతూనే ఉన్నారు. తమరి కోరికల చిట్టా వాళ్లకు ముందే చదివి వినిపించడం ధర్మం.

తమరు ముందుకు ఎంత పాడతారో వెనక్కీ అంతే పాడతారు, వెనకది ఫేజ్ తిరగేసి మరీ (ముందు గాలిని తోస్తే వెనక లాగుతారు). వెనక గోడ అడుగు దూరంలో ఉంటే ఆ శబ్దం రెండు మిల్లీసెకన్లు కూడా గడవకుండా తిరిగొచ్చి అసలు పాట మీద పడుతుంది. 570 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాల దగ్గర గుంటలు పడతాయి, గొంతు డొల్లగా వినిపిస్తుంది. అదే మీటరు దూరం ఇస్తే ప్రతిధ్వని దాదాపు ఆరు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అప్పుడు చెవి దాన్ని గది లోతుగా లెక్కేసుకుంటుంది, గాయకుడి వెనకాల ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారో తెలుస్తుంది. తమరి కీర్తి అంతా ఆ మీటరులోనే ఉంది. మీటరున్నర ఇస్తే ఇంకా సంతోషిస్తారు. సోఫాను కూడా వెనక గోడ నుంచి లాగమంటారు. ఇక ఆ హాల్లో మనుషులు నడిచే దారి సంగతి తమరు అడగరు, మేము చెప్పం.

పక్కగోడల విషయంలో మాత్రం తమరు ఉదారులే. పక్కలకు దాదాపు ఏమీ వినిపించరు కనుక ఇరుకు గదిలో డబ్బా స్పీకర్ల కన్నా అటువైపు గొడవ తక్కువ.

బేస్ దగ్గరికి వద్దాం. ఫిల్ము ముందు తోసిన గాలి అంచు చుట్టూ తిరిగి వెనక ఖాళీలోకి జారిపోతుంది. అరమీటరు వెడల్పున్న ప్యానెల్ సుమారు 340 హెర్ట్జ్ కింద నుంచి ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమయ్యే ప్రతి మెట్టుకు) ఆరేసి డెసిబెల్స్ చొప్పున కోల్పోతుంది. వెడల్పు పెంచి, ఫిల్ము సొంత రెజొనెన్స్‌ను (దానంతట అది గట్టిగా ఊగే స్వరాన్ని) అడుగున వాడుకుని తయారీదారులు కొంత పూడుస్తారు. క్వాడ్ కంపెనీ పీటర్ వాకర్ ఈఎస్ఎల్ అనే ప్యానెల్‌ను 1957లో తెచ్చాడు. గొంతు విషయంలో దానికి ఈనాటికీ మొక్కేవాళ్లున్నారు, కింది బేస్ కోసం, పెద్ద సౌండు కోసం మొక్కేవాళ్లు లేరు. సబ్‌వూఫర్ (కింది బేస్ మాత్రమే పాడే డబ్బా) పెడితే? పెట్టండి, సీల్డ్ (రంధ్రం లేకుండా మూసిన) రకమైతే కలపడం తేలిక. క్రాసోవర్ ఫ్రీక్వెన్సీలో (పాట ప్యానెల్ నుంచి సబ్‌కు మారే చోట) టోన్ పెట్టి, సబ్ పొలారిటీ (ప్లస్, మైనస్‌ల దిశ) అటూ ఇటూ మార్చి, కూర్చునే చోట ఏది ఎక్కువగా వినిపిస్తే దాన్ని ఉంచాలి. తర్వాత లెవెల్ కొంచెం తగ్గించాలి. సబ్ అన్ని వైపులకూ ఊదుతుంది, తమరు రెండు వైపులకే. అతుకు దగ్గర ఉబ్బు వచ్చేది అందుకే.

ఆంప్లిఫయర్ సంగతి మరీ రుచికరం. బ్రోషర్‌లో "83 డెసిబెల్స్" అని రాసి ఉంటుంది. ఆ అంకె 2.83 వోల్టులకు ఎంత సౌండు వస్తుందో కొలిచినది. ఎనిమిది ఓమ్‌ల ఇంపీడెన్స్‌కు (కరెంటుకు స్పీకరు పెట్టే అడ్డుకు) అది ఒక వాట్, తమరి నాలుగు ఓమ్‌లకు రెండు. అంటే వాట్‌కు వచ్చేది 80 మాత్రమే. ఎనిమిది ఓమ్‌ల 88 డెసిబెల్స్ డబ్బాతో సమానంగా వినిపించాలంటే ఆరు రెట్లకు పైగా వాట్లు పోయాలి. పొడవాటి ప్యానెల్ సౌండు దూరానికి కాస్త నెమ్మదిగా తగ్గుతుంది కనుక లోటు కొంత పూడుతుంది, పూర్తిగా కాదు. తమరిని తెచ్చుకుని పాత హోమ్ థియేటర్ రిసీవర్‌కు తగిలించడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే: గట్టి పాట రాగానే ప్రొటెక్షన్ పడి రిసీవర్ ఆగిపోతుంది. నాలుగు ఓమ్‌ల దగ్గర వాట్లు దాదాపు రెట్టింపయ్యే ఆంప్ కావాలి.

తమరిలో ఫిల్మును విద్యుత్ ఛార్జితో ఊపే ఎలక్ట్రోస్టాటిక్ శాఖవారైతే ఇంకో మెట్టు పైన. వారు విద్యుత్‌పరంగా ఒక కెపాసిటర్ (ఛార్జి నిలవ చేసే భాగం). ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంపీడెన్స్ పడిపోతుంది, పై కొసన రెండు ఓమ్‌లకూ దిగువకు వెళ్లే మోడళ్లున్నాయి. ఫిల్ము మీద వేల వోల్టుల ఛార్జి, దానికి దుమ్మంటే ప్రాణం. తేమ ఎక్కువైతే టిక్ టిక్ మంటారు, ఒక వైపు సౌండు తగ్గుతుంది. ప్లగ్గు పీకి, రాత్రంతా ఛార్జి దిగనిచ్చి, తర్వాతే మెత్తని బ్రష్షుతో వాక్యూమ్ పట్టాలి. ఫిల్మును అయస్కాంతాలతో ఊపే ప్లానార్ మాగ్నెటిక్ శాఖకు ఈ కరెంటు గోల లేదు. వాళ్ల జబ్బు జిగురు: ఫిల్ముకు అంటించిన తీగ ఏళ్లు గడిచాక ఊడి బజ్‌మంటుంది, ఎండ తగిలే కిటికీ పక్కన ఇంకా త్వరగా.

డబ్బావారు సత్యహరిశ్చంద్రులేం కారు. వేలి కణుపుతో పక్క చెక్కను కొట్టి చూడండి. "టక్" అని ఆగిపోతే సరే, "బొంయ్" అంటే ప్రతి పాటలోనూ అదే బొంయ్. ఫోమ్ సరౌండ్ (కోను చుట్టూ ఉండే మెత్తని అంచు) పదిహేను ఇరవై ఏళ్లకు పొడిపొడిగా రాలుతుంది, అయితే మార్చడం సులువు. కానీ వాళ్లు సర్దుకుపోతారు. ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ 1954లోనే మూసిన పెట్టెలోని గాలిని స్ప్రింగుగా వాడి చిన్న డబ్బాలో లోతైన బేస్ తెచ్చాడు. థీల్, స్మాల్ అనే ఇంజినీర్ల లెక్కల తర్వాత పోర్టు (డబ్బాకు పెట్టే గాలి రంధ్రం) కొలత గుడ్డిలెక్క కాకుండా పోయింది. గోడకు దగ్గరైతే పోర్టులో ఫోమ్ ముక్క కుక్కితే చాలు, ట్వీటర్ (పై స్వరాలు పాడే చిన్న స్పీకరు) చెవి ఎత్తున ఉంటే చాలు, సోఫాలో ముగ్గురూ వింటారు. తమరి దర్బారులో అసలు పాట దక్కేది నడిమి కుర్చీకే.

కనుక విన్నపం ఇది. తమరిని కొనదలిచినవారు తమరి సైజులోనే రెండు అట్టముక్కలు కోసి, గోడకు మీటరు ముందు నిలబెట్టి వారం ఉంచాలి. వారం తర్వాతా అవి నిలబడే ఉంటే, వినేది ఒక్కరే అయితే, గాత్రం, వీణ, వయొలిన్ మోస్తరు సౌండులో చాలనుకుంటే తమరే రావాలి, తమరికి సాటి లేదు. అట్టముక్కలు రెండో రోజే మంచం కిందికి చేరితే డబ్బావారికే కబురు పంపుతాం.

ఇట్లు,
టేపు చేతబట్టిన ఒక విధేయుడు

తా.క.: ఎలక్ట్రోస్టాటిక్ శాఖవారు పవర్ కార్డు పొడవు కూడా తెలియజేయాలి. తమరు గది మధ్యకు వేంచేస్తారు సరే, ప్లగ్ పాయింటు మాత్రం గోడ మీదే ఉంటుంది.