పదకొండు వారాల తర్వాత వచ్చినవాడు

బేస్‌బాల్ ముఖం చూడనివాళ్లు కూడా జాకీ రాబిన్సన్ పేరు వినే ఉంటారు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగి, అరవై ఏళ్లకు పైగా నల్లవాళ్లను రానివ్వని మేజర్ లీగ్ (అమెరికా బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి) తలుపు తెరిచాడు. ఆయన వేసుకున్న 42 నంబరును 1997లో అన్ని జట్లకూ కలిపి రిటైర్ చేశారు, అంటే ఇక కొత్తగా ఎవరికీ ఇవ్వరు.

అదే 1947లో, జూలై 5న లారీ డోబీ అనే 23 ఏళ్ల కుర్రాడు క్లీవ్‌లాండ్ జట్టులో చేరాడు. చరిత్ర ఆయన్ని ‘రెండోవాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నా పేచీ అక్కడే.

మేజర్ లీగ్ అంటే నిజానికి రెండు లీగులు. డాడ్జర్స్‌ది నేషనల్, క్లీవ్‌లాండ్‌ది అమెరికన్. అప్పట్లో రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో తప్ప ఇవి సీజన్‌లో ఎదురుపడేవే కావు. ఫిలడెల్ఫియా జట్టు రాబిన్సన్‌ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లు ఆయన భరించినంత మాత్రాన డోబీ వాటా తగ్గలేదు. డోబీ ఎదుర్కొన్న జట్లకు ఆయనే మొదటివాడు.

పైగా రాబిన్సన్‌కు సన్నద్ధమయ్యే సమయం దొరికింది. డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రిక్కీ 1945లోనే ఆయన్ని పిలిపించి మాట్లాడి, 1946 అంతా మాంట్రియల్‌లో, డాడ్జర్స్ కింది స్థాయి జట్టులో ఆడించాడు. డోబీ మాత్రం నల్లవాళ్ల లీగులో నెవార్క్ ఈగిల్స్‌కు ఆడుతూ ఆడుతూ, కొద్ది రోజుల్లోనే చికాగోలో క్లీవ్‌లాండ్ డ్రెస్సింగ్ రూమ్‌లో తేలాడు. (ఈగిల్స్ యజమానురాలు ఎఫా మాన్లీకి క్లీవ్‌లాండ్ 15,000 డాలర్లు ఒప్పుకుంది. రాబిన్సన్ పాత జట్టుకు రిక్కీ పైసా ఇవ్వలేదు. ఈ సంగతి ఎందుకో తక్కువగా చెప్పుకుంటారు.)

ఆ గదిలో ఆటగాడు కమ్ మేనేజర్ లూ బౌద్రూ ఒక్కొక్కరినీ పరిచయం చేస్తుంటే, కొందరు చేయి కలపలేదు. బయట అందరూ జంటలుగా బంతి విసురుకుంటూ వార్మప్ చేస్తున్నారు. డోబీ గ్లోవ్ పెట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. చివరికి సహ ఆటగాడు జో గోర్డన్ వచ్చి, మనిద్దరం ఆడదాం అన్నట్టు బంతి విసిరాడు.

ఆ సీజన్‌లో 32 సార్లు బ్యాట్ పట్టి 5 హిట్లే కొట్టాడు. పనికిరాడని ఇంటికి పంపేందుకు అంతకన్నా సాకు అక్కర్లేదు. కానీ జట్టు ఉంచుకుంది. మరుసటి ఏడాది ఆయన సగటు .301. పది సార్లకు మూడు హిట్లు పడితే మేటి అనే ఆట ఇది. 1948 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో ఆయన హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది), స్టీవ్ గ్రోమెక్ పిచింగ్ (బంతి విసరడం) కలిసి 2-1తో గెలిపించాయి. మ్యాచ్ అయ్యాక ఆ తెల్ల పిచర్, ఈ నల్ల బ్యాటర్ చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫొటో పేపర్లలో వచ్చింది.  1948లో అమెరికా పేపర్లలో అలాంటి ఫొటో రావడం మామూలు సంగతి కాదు.

రాబిన్సన్‌కు బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 1962లో దక్కింది. డోబీకి 1998లో. మధ్యలో, 1978లో, చికాగో వైట్ సాక్స్ ఆయన్ని మేనేజర్‌ను చేసింది. మేజర్ లీగ్‌లో ఆ కుర్చీ ఎక్కిన రెండో నల్లవాడు ఆయనే. మొదటివాడు ఫ్రాంక్ రాబిన్సన్, 1975లో. జాకీకి చుట్టమేమీ కాదు, ఇంటిపేరు మాత్రం అదే.