ఇంటికెళ్ళిన ఆటగాడికి ఆట మీద ప్రేమ లేనట్టేనా?

మన క్రికెట్ అభిమానుల్లో ఒక అలవాటు నాకు ఎప్పుడూ మింగుడు పడదు. ఇంటిని పక్కనపెట్టి ఆడినవాడిని నెత్తిన పెట్టుకుంటాం. భార్య పురుడుకి సెలవు అడిగినవాడిని మాత్రం దేశానికి ద్రోహం చేసినట్టు చూస్తాం.

2020 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మన జట్టు 36 పరుగులకే ఆలౌటయ్యాక కోహ్లీని ఎన్ని మాటలన్నారో! మొదటి బిడ్డ పుట్టే సమయానికి ఇంటి దగ్గర ఉంటానని ముందే చెప్పి సెలవు తీసుకున్నాడు. అయినా జట్టును నట్టేట వదిలేశాడన్నారు. తర్వాత రహానే మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాడు, సిరీస్ 2-1తో మనకే వచ్చింది. 2024 నవంబర్‌లో కొడుకు పుట్టాడని రోహిత్ పెర్త్ టెస్టు ఆడలేదు. బుమ్రా కెప్టెన్సీలో 295 పరుగుల తేడాతో గెలిచాం. గెలిచాం కాబట్టి వాళ్ళు చేసింది సరైందని నేను అనడం లేదు. ఓడిపోయినా సరైనదే. బిడ్డ పుట్టే రోజు మళ్ళీ రాదు.

2015లో ధోనీకి కూతురు పుట్టినప్పుడు ఆయన ఆస్ట్రేలియాలో ఉన్నాడు. దేశం పని మీద వచ్చాను, మిగతావి ఆగుతాయన్నట్టు మాట్లాడాడు. అది ఆయన నిర్ణయం, ఆయన ఇంటి విషయం. కానీ ఎవరు సెలవు అడిగినా ఆ మాట తెచ్చి ముందు పెట్టడం ఏం న్యాయం?

మన ఫాస్ట్ బౌలర్ సిరాజ్ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆటో నడిపి పెంచిన తండ్రి 2020 నవంబర్‌లో హైదరాబాద్‌లో చనిపోయాడు. కొడుకు ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి వెళ్ళొచ్చని క్రికెట్ బోర్డు చెప్పినా తండ్రి కల నెరవేర్చాలని అక్కడే ఉండిపోయాడు. ఆ సిరీస్‌లో 13 వికెట్లు తీశాడు. బ్రిస్బేన్ టెస్టును నేనూ తెల్లవారకముందే లేచి చూసినదాన్నే, అతను ఐదో వికెట్ తీసినప్పుడు ఏడ్చినదాన్నే. జనవరిలో హైదరాబాద్‌లో దిగి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాడు. ఆ దుఃఖం అతనిది. దాన్ని కొలబద్దగా చేసి ఇంకొకడి అంకితభావం కొలిచే హక్కు మనకి లేదు. ఆ రోజు అతను విమానమెక్కి ఇంటికి వచ్చేసి ఉంటే మనం ఏమనేవాళ్ళం? ఈ ప్రశ్న నన్ను వదలదు.

ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. సానియా మీర్జా గ్రాండ్‌స్లామ్‌లు గెలుస్తున్న రోజుల్లోనే పిల్లలెప్పుడు, స్థిరపడేదెప్పుడు అని అడిగారు. బిడ్డ పుట్టాక 2020లో హోబార్ట్‌లో తిరిగొచ్చి డబుల్స్ టైటిల్ గెలిచింది. మగవాడు ఇంటికి పోతే తప్పు, ఆడది మైదానంలో ఉంటే తప్పు!

ఆస్ట్రేలియాలో 1-3తో ఓడాక 2025 జనవరిలో బోర్డు నిబంధనలు తెచ్చింది. 45 రోజులు దాటిన పర్యటనలోనూ కుటుంబం 14 రోజులకు మించి ఉండకూడదట. బ్యాటర్లు ఆఫ్ స్టంప్ బయట బంతిని వెంటాడి ఔటైతే భార్యాపిల్లలేం చేశారు? ఆట అయ్యాక గదిలో ఒంటరిగా కూర్చుని కుమిలిపోవాలని లేదు, మామూలు మనిషిలా ఉండాలనుంది అని కోహ్లీ బయటికే చెప్పాడు. అంతటివాడే అలా అన్నాడంటే కొత్తగా జట్టులోకి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఎంత టెన్షన్ మోస్తుంటాడో ఆలోచించండి.

ఈ పిచ్చి టీవీ దగ్గర ఆగితే నేను ఇంత రాసేదాన్ని కాదు. కోచింగ్ క్యాంపుల దగ్గర తల్లిదండ్రుల మాటలు వింటుంటాను. "మావాడు అక్క పెళ్ళికి కూడా రాలేదండీ, నెట్స్ మానడు" అని గర్వంగా చెప్పుకుంటారు. పన్నెండేళ్ళ పిల్లాడు! అమ్మమ్మ ఒళ్ళో పడుకోవాల్సిన సెలవుల్లో త్రోడౌన్‌లు (దగ్గర్నుంచి విసిరే బంతులతో ప్రాక్టీసు) ఆడుతున్నాడు. వాళ్ళలో ఇండియాకి ఆడేది ఎందరు? ఆడలేకపోయినవాళ్ళకి రేపు మిగలాల్సింది ఆ అక్కా, ఆ అమ్మమ్మే కదా.

కోచ్‌లకి, అమ్మానాన్నలకి దండం పెట్టి అడుగుతున్నాను. ఈ సంక్రాంతికి పిల్లల్ని మూడు రోజులు ఊరికి పంపండి, కిట్ బ్యాగ్ లేకుండా.