సవరణ: ఉబుంటులో ఉన్న పైథాన్‌ను తీసేయకండి

కొత్తగా ఉబుంటుకు (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చినవాళ్ల కోసం మొన్న రాసినదాంట్లో పెద్ద తప్పు దొర్లింది. "ముందున్న పైథాన్ తీసేసి కొత్తది వేసుకోండి" అన్నాను. దయచేసి ఆ పని చేయకండి. విండోస్‌లో పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) మనం తెచ్చిపెట్టుకునేది. ఉబుంటులో అది ఇంటి దూలం. సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ లాంటివి దానిమీదే నడుస్తాయి, తీస్తే డెస్క్‌టాపే పోవచ్చు.

ఇప్పటికే తీసేసినవాళ్లు రీస్టార్ట్ చేయకుండా, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) ఆప్ట్‌తో (ప్యాకేజీలు వేసే ఆదేశం) ఉబుంటు-డెస్క్‌టాప్ ప్యాకేజీని మళ్లీ వేసుకోండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చాలా వెర్షన్లలో తెరమీద చుక్క కూడా కనపడదు. కంగారుపడకండి, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

పైథాన్ లైబ్రరీల (రెడీమేడ్ కోడ్) సంగతి: ఉబుంటు 23.04 వెర్షన్ నుంచి పిప్ (లైబ్రరీలు వేసే సాధనం) వాటిని సిస్టమ్‌లో నేరుగా వేయనివ్వదు. సుడోతో (అడ్మిన్ హక్కులతో నడిపే ఆదేశం) బలవంతం చేయొద్దు. పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేసుకుని, ప్రాజెక్టు ఫోల్డర్లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకే పరిమితమైన విడి పైథాన్ చోటు) తయారుచేసి, అందులో వేసుకోండి.

నా మాట నమ్మి ఇబ్బందిపడ్డవాళ్లు మన్నించాలి.