ఫోన్ చేతిలో పెట్టగానే చదువు వచ్చేయదు

వయోజన విద్య ఇక యాప్‌లోనే జరిగిపోతుందని ఎవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. సాయంత్రాలు మా వీధిలో పొదుపు సంఘం ఆడవాళ్లకు చదువు చెబుతుంటాను. ఫోన్ లేకుండా నాకూ ఆ పని సాగదు, రోజూ వాడతాను. అయినా ఫోన్ ఉంటే చాలు, పక్కన మనిషి అక్కర్లేదనే లెక్క ఒకటి పైనుంచి కింద దాకా పాకుతోంది. దాన్ని మాత్రం ఒప్పుకోలేను.

కేంద్రం తెచ్చిన న్యూ ఇండియా లిటరసీ ప్రోగ్రామ్ 2022 నుంచి 2027 దాకా ఉంటుంది. 15 ఏళ్లు దాటిన 5 కోట్ల మందికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలని లక్ష్యం. మొత్తం బడ్జెట్ రూ.1,037.90 కోట్లు. మనిషికి ఎంత పడిందో మీరే భాగించి చూడండి. రూ.200 పైచిలుకు, అదీ ఐదేళ్లకు కలిపి! చదువు చెప్పేవాళ్లు జీతం లేకుండా, స్వచ్ఛందంగా చెప్పాలి. 2023 జులైలో ఈ ప్రోగ్రామ్ కోసమే ఉల్లాస్ యాప్ వచ్చింది, నమోదు దగ్గర్నుంచి పాఠాల దాకా భారమంతా దాని మీద పడింది. అంతకుముందు 2009 నుంచి 2018 మార్చి దాకా సాక్షర భారత్ అనే వయోజన విద్యా పథకం ఉండేది. అది అద్భుతంగా నడిచిందని నేను చెప్పను. కానీ పంచాయతీకో కేంద్రం, అందులో చదువు నడిపించడానికి ఇద్దరు ప్రేరక్‌లు, వాళ్లకు నెలకు రూ.2,000 గౌరవ వేతనం అని కాగితం మీదైనా ఉండేది. చదువుకోవాలంటే ఊళ్లో ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో తెలిసేది.

ఇప్పుడు పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే కార్యక్రమాన్ని తెలంగాణలో 'అమ్మకు అక్షరమాల' అంటున్నారు, ఆంధ్రలో 'అక్షర ఆంధ్ర' అంటున్నారు. రెండూ మంచి ప్రయత్నాలే, పొదుపు సంఘాల ద్వారా ఆడవాళ్ల దగ్గరికి వెళ్లడం చాలా సరైన దారి. నా గొడవంతా చదువు చెప్పే ఆ గంటలో ఏం జరుగుతుందన్న దాని గురించే.

యాప్ తెరవగానే ఫోన్ నంబరు కొట్టమంటుంది, ఓటీపీ అడుగుతుంది, వివరాలు నింపమంటుంది. ఇవన్నీ సొంతంగా చేయగలిగే మనిషికి అక్షరాల క్లాసుతో పనేముంది? సరే, సర్వేకి వచ్చినవాళ్లో మనలాంటివాళ్లో నమోదు చేసిపెడతారు అనుకుందాం. తర్వాత పాఠం ఎవరి ఫోన్‌లో చూడాలి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు దేశంలో దాదాపు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు మూడోవంతు. మా క్లాసుకు వచ్చే ఒక అత్తమ్మ ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోన్ కొడుకుది. అతను ఆటో దిగి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, అప్పటికి ఆమె నిద్రపోతుంది, ఎందుకంటే తెల్లారి నాలుగింటికే లేవాలి. ఆమె చూడని పాఠాలకు "నేర్చుకునేవారిలో ఆసక్తి లేదు" అని పేరు పెడితే ఎంత అన్యాయం!

ఇంకో సంగతి. యాభై దాటిన ఆడవాళ్లకు అక్షరం ఎక్కకపోతే, "ఈ వయసులో బుర్రకెక్కదులే" అని వాళ్లే అనేసుకుంటారు. మా క్లాసులో ఒక పిన్నికి 'వడ్డీ' అని చూపించాను. ఫోన్‌ను దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది, చివరికి "ఇదేందమ్మా, డ కింద ఈగ వాలినట్టుంది, అది అక్షరమేనా?" అంది. ఆమెకు బుర్ర లేక కాదు, చత్వారం వచ్చింది. ఒత్తు కనబడటం లేదు. మండల కేంద్రంలో రెండు మూడు వందలకు దొరికే కళ్లద్దాలు పెట్టాక అదే మనిషి పాస్‌బుక్కులో 'అప్పు', 'పొదుపు', 'బాకీ' వెతుక్కుని చదివింది. పక్కావిడకు కూడా చదివి వినిపించింది. ఈ పని ఏ యాప్ చేస్తుంది చెప్పండి? తెర మీద అక్షరాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు, అది ఫోన్‌లో ఉన్న పెద్ద సుఖమే. కానీ అలా చేయవచ్చని చూపించడానికి, అసలు కనబడటం లేదేమో అన్న అనుమానం రావడానికి ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఆమె ముఖం చూడాలి.

టెక్నాలజీతో అక్షరాలు నేర్పడం మన తెలుగు నేలకు కొత్తేమీ కాదు. 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్ వాళ్లు కంప్యూటర్‌తో వయోజనులకు తెలుగు చదవడం నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. ఎఫ్‌.సి. కోహ్లీ గారి ఆలోచన అది, టీసీఎస్ మొదటి అధిపతి ఆయనే. అక్షరమాలతో మొదలుపెట్టకుండా, మాటను మొత్తంగా బొమ్మతో, శబ్దంతో గుర్తుపట్టించేవాళ్లు. 40 గంటల్లో పేపరు చదవగలిగే స్థాయికి తేవాలని లక్ష్యం. పాత కంప్యూటర్లే వాడారు. నాకు అందులో బాగా నచ్చిన విషయం, ఒకే తెర ముందు గుంపుగా కూర్చోవడం, పక్కనే నడిపించే మనిషి ఒకరు ఉండటం. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి మూల వాళ్లది అయింది. తెర చిన్నదైంది, పక్కన మనిషి లేకుండా పోయాడు.

గుంపు ఎందుకు అంటారా? నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు చేసుకోండి. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. రాత్రి బడిలో సారా గురించిన పాఠం చదివిన ఆడవాళ్లు అక్కడితో ఆగలేదు. మన ఇళ్లలోనూ ఇదే కదా అని మాట్లాడుకున్నారు, ఆ ఊరి రోశమ్మ ముందు నడిచింది, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. ఆ పాఠమే ఎవరింట్లో వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని ఉంటే ఆ మాటలు పుట్టేవా? పెద్దవాళ్ల చదువులో సగం పాఠం అయ్యాక జరిగే మాటల్లోనే ఉంటుంది. మా క్లాసులో కూడా 'వడ్డీ' అన్న మాట చదివిన రోజు అసలు పాఠం ముందుకు కదల్లేదు. ఎవరు ఎవరి దగ్గర ఎంతకు తెచ్చారు, నూటికి మూడా, ఐదా అన్న లెక్కలే. పలకల మీద కూడికలు, గుణకారాలు వాటంతటవే వచ్చాయి.

మరి ఫోన్ దేనికి పనికొస్తుంది? చాలా వాటికి. మా వాళ్లలో అక్షరం రానివాళ్లు కూడా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు, యూట్యూబ్‌లో మైకు నొక్కి తెలుగులో అడుగుతారు. అందుకని ఫోన్ ఉన్నవాళ్లతో గ్రూపు పెట్టాను, లేనివాళ్లను ఉన్నవాళ్లతో జత కలిపాను. ఒక చిన్న వాక్యం వాయిస్‌లో చెబుతాను, కిందే అదే వాక్యం పెద్ద అక్షరాలతో రాసి ఫోటో పెడతాను. "రేపు సంఘం మీటింగు పది గంటలకు." విన్నది, చూసింది ఒకటే కాబట్టి అక్షరం తగులుకుంటుంది. మర్నాడు దాన్నే పలక మీద రాయిస్తాను. ఎవరి అవసరం ఏమిటో తెలిస్తే పాఠం అక్కడినుంచే వస్తుంది: బస్సు బోర్డు, మందుల చీటీ, కూలి లెక్క. అన్నట్టు, ఇంత కష్టపడి తెలుగు నేర్చుకున్నాక బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ చూస్తే ఇంగ్లిషులో ఉంటుంది. తన డబ్బు పడిందో, పోయిందో తెలుసుకోవడానికి మళ్లీ మనవడిని పిలవాలి. అక్షరాస్యత కోసం యాప్‌లు చేయించే ప్రభుత్వాలు బ్యాంకుల చేత ఆ రెండు ముక్కలు తెలుగులో పంపించలేవా?

ఇక పరీక్ష. ఉల్లాస్ కింద పెట్టే పరీక్షకు 150 మార్కులు. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50. రాయాల్సింది కాగితం మీద, చేత్తో. యాప్‌లో వేలితో అక్షరం దిద్దిన మనిషి పెన్సిల్ పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకోవాలి? కొడవలి పట్టే చేతికి పెన్సిల్ పట్టు కుదరడానికే వారాలు పడుతుంది, గీత వంకర పోతుంటే సిగ్గుపడి పలక తిప్పేస్తారు. పక్కన కూర్చుని "పర్లేదు పిన్నీ, ఇంకోసారి" అనాలి. పైగా ఆ పరీక్ష తరచుగా మార్చిలో పెడుతున్నారు. మా ఖమ్మం జిల్లాలో మార్చి అంటే మిర్చి ఏరే రోజులు. ఏడాదిలో కూలి బాగా దొరికేదే అప్పుడు, ఆ కూలి వదులుకుని ఎవరొస్తారు? మిర్చి పని అయిపోయాక, తొలకరి పడకముందు, పొద్దున పూట పెట్టమనండి. క్లాసు మొదలయ్యే ముందే ఊళ్లో కంటి పరీక్ష చేయించి కళ్లద్దాలు ఇవ్వమనండి. చదువు చెప్పే అమ్మాయికి నెలకు ఎంతో కొంత చేతిలో పెట్టమనండి. యాప్‌లో కొత్త ఫీచర్లు ఆ తర్వాత చూసుకుందాం.