లాప్లాస్ టేబుల్ గారికి ఒక బహిరంగ లేఖ

టెక్స్ట్‌బుక్ చివరి పేజీల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్న టేబుల్ గారికి,

అసలు లాప్లాస్ గారు 1827లోనే పోయారు కాబట్టి కంప్లైంట్ తమరికే రాయాల్సొస్తోంది. తమరి దయ వల్ల బీటెక్‌లో ఇన్వర్స్ లాప్లాస్ (ఎస్‌లో ఉన్న ఫంక్షన్‌ని మళ్ళీ టీలోకి మార్చడం) అంటే ఎడమ పక్క చూడు, కుడి పక్క రాయి, అంతే అని ఫిక్సయిపోయాం. సెమ్‌కి ముందు రాత్రి తమర్ని ఎక్కాల్లా బట్టీ కొట్టడం, తెల్లారి హాల్లో కోష్‌కి పైన ఎస్సా ఏ నా అని పక్కోడి మొహం చూడటం. పార్షియల్ ఫ్రాక్షన్స్ కూడా తమరి వరసల్లో ఇమడాలనే చేయించారు మాతో.

ఇంతకీ తమరు లేకపోతే పనాగుతుందా? ఎస్ ప్లస్ 3, కింద ఎస్ ప్లస్ 1 ఇంటూ ఎస్ ప్లస్ 2. దీన్ని ఈ పవర్ ఎస్‌టీ (e^st)తో గుణించి కింద ఎక్కడెక్కడ సున్నా అవుతుందో అక్కడ రెసిడ్యూ తీస్తే చాలు. ఎస్ ప్లస్ 1ని వేలితో మూసేసి మిగతా దాంట్లో మైనస్ 1 పెట్టండి, 2 ఈ పవర్ మైనస్ టీ వస్తుంది, అలాగే రెండోదాంట్లో మైనస్ ఈ పవర్ మైనస్ 2టీ, కలిపితే ఆన్సర్, అయిపోయింది. పైన 1, కింద ఎస్ ప్లస్ 1 హోల్ స్క్వేర్ ఉంటే ఈ పవర్ ఎస్‌టీని ఎస్‌తో ఒక్కసారి డిఫరెన్షియేట్ చేస్తాం, టీ దానంతటదే ముందుకొచ్చి నిలబడుతుంది. తమరేమో ఆ టీ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు.

దీనెనకున్నది బ్రామ్‌విచ్ ఇంటిగ్రల్. పోల్స్ (అదే, కింద సున్నా అయ్యే చోట్లు) అన్నిటికీ కుడి పక్కన ఒక నిలువు గీత, దాని మీద ఇంటిగ్రేషన్, 2 పై ఐతో భాగారం. టీ పాజిటివ్ అయితే ఆ గీతని ఎడమ వైపు నుంచి చుట్టేస్తాం, ఇలాంటి ఫ్రాక్షన్లకి లోపల మిగిలేవి రెసిడ్యూలే. అదే రెసిడ్యూ థీరం కాంప్లెక్స్ వేరియబుల్స్ యూనిట్‌లో మాకు చెప్తారు కానీ, ఈ రెండిటికీ చుట్టరికం ఉందని చెప్పే నాథుడే లేడు, తమరు అడ్డం కూర్చున్నారు కదా మరి.

సరే, లాగ్ లోపల ఎస్ ప్లస్ 1 హోల్ బై ఎస్ వచ్చిందనుకోండి, అక్కడ పోల్సే లేవు, రెసిడ్యూ పారదు, ఒప్పుకుంటాను. అయినా తమరి గుమ్మం తొక్కక్కర్లేదు. ఎస్‌తో డిఫరెన్షియేట్ చేస్తే 1 బై ఎస్ ప్లస్ 1 మైనస్ 1 బై ఎస్, అంటే ఈ పవర్ మైనస్ టీ మైనస్ 1. ఇది మనక్కావాల్సిన ఫంక్షన్‌ని మైనస్ టీతో గుణిస్తే వచ్చేది, కాబట్టి ఆన్సర్ 1 మైనస్ ఈ పవర్ మైనస్ టీ, హోల్ బై టీ. తమరి లిస్టులో ఇది ఉంటే ఏ వరసో చెప్పండి, లేకపోతే మార్జిన్‌లో రాసుకోండి, ఫీజేం అడగను.

ఇట్లు,
ఈఈఈ బ్యాచ్ వాడొకడు